అల్లుడు బిగించిన పంపు

మా కింది వాటాలో ఉండే అబ్బాయి ఈ ఎండాకాలం తన కారు ఏసీ కంప్రెసరు తనే మార్చుకున్నాడు. షాపువాళ్లు దొంగలట. ఫోనులో చూస్తే పనంతా అరచేతిలో ఉన్నట్టు తెలుస్తుందట. ఆదివారమంతా కారు కింద పడుకుని, సోమవారం పొద్దున ఆ దొంగలకే ఫోను చేసి, వచ్చి కారును లాక్కెళ్లమన్నాడు. వాళ్లావిడ నా దగ్గరికి వచ్చి వాపోయింది. "మగవాళ్లకు ఇదేం కొత్త జబ్బండీ" అంది. కొత్తదేమీ కాదమ్మా అన్నాను. నేను పుట్టింటికి పురిటికి వెళ్లిన ఏడాది మా ఇంట్లో ఈ జబ్బు ఒకరికి కాదు, ఇద్దరికి ఉండేది. అప్పట్లో కార్లకు ఏసీలు లేవు కాబట్టి అది నీళ్ల పంపును పట్టుకుంది.

నీళ్ల పంపు అంటే, ఇంజను వేడెక్కకుండా రేడియేటరులోని నీళ్లను ఇంజను చుట్టూ తిప్పే సామాను. నాకు తెలిసిన ఇంజనీరింగు అంతా ఇంతే. నా ప్రాణం మీదికి వచ్చింది కాబట్టి ఈ మాత్రమైనా తెలిసింది.

అవి రాష్ట్రాన్నే విప్పి బిగిస్తున్న రోజులు. మద్రాసు నుంచి మనల్ని విప్పి కర్నూలును రాజధాని చేశారు. అది సరిగ్గా కుదురుకోకముందే అక్కడా విప్పి హైదరాబాదులో బిగించారు. అంత పెద్దవాళ్లు అంత పెద్ద పనిని అంత తేలిగ్గా చేసేస్తుంటే, ఒక కారుకు పంపు మార్చడం ఎంత పని అని పులివెందులలో మా ఇంటి గడప తొక్కిన ప్రతి మగవాడూ అనుకోవడంలో తప్పు లేదు.

మా నాయనకు చీనీ తోట, అదే బత్తాయి తోట ఉండేది. తోటలో బావి, బావి మీద ఆయిలింజను. ఆ ఇంజను తన మాట వింటుంది కాబట్టి కారు కూడా వింటుందని, ఉద్యోగం దిగిపోయి సొంత ఊరికి వెళ్లిపోతున్న ఒక అధికారి దగ్గర నల్లటి పాత కారొకటి తీసుకున్నాడు. చలిదేశంలో పుట్టిన బండి అది. దానికి మా ఎండ పడలేదు. పులివెందుల పొలిమేర దాటకముందే మూతి నుంచి పొగలు కక్కేది. నాయన దిగి, కడవతో నీళ్లు పోసి, దాన్ని ఎద్దును తట్టినట్టు తట్టి, మళ్లీ ఎక్కేవాడు. కారులో మనుషులు ఎందరున్నా కడవకు మాత్రం ముందు సీటు ఖాయం.

అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నన్ను సాకింది మా నాయనకు అమ్మ, మా అవ్వ. కారు జబ్బేమిటో అందరికంటే ముందు అవ్వకే తెలిసింది. "దీనికి వేడి చేసిందిరా" అంది. వేడి చేసినప్పుడు చలవ చేసేదేదో పట్టాలి కదా. ఒకరోజు నాయన ఊళ్లో లేనప్పుడు రేడియేటరు మూత తీసి సట్టెడు మజ్జిగ పోసింది. ఉప్పు మాత్రం వేయలేదు, ఇనుముకు ఉప్పు పడదని. ఆ తర్వాత చాలా రోజులు మా కారు ఎక్కడికి వెళ్లినా పులిసిన వాసన ముందుగా చేరేది, మేము వెనక చేరేవాళ్లం. కొన్నాళ్లకు పంపు పోయింది. మజ్జిగ వల్ల పోయిందని నాయన, ముసలిదై పోయిందని అవ్వ. ఎవరి వాదన వారిదే. కారు వేపచెట్టు కింద నిలబడి ఇద్దరి మాటా వినేది.

ఇక నా సంగతి. నాకు తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. పురుడు ఇంట్లోనే పోద్దామన్నారు. బిడ్డ అడ్డం తిరిగింది. అప్పటికి కారు ఇంకా కొనలేదు, చివరికి ఎద్దులబండిలో పడుకోబెట్టి జమ్మలమడుగు ఆసుపత్రికి బయలుదేరదీశారు. బండి ముద్దనూరు చేరేసరికి ఇక ఆసుపత్రితో పని లేకుండా పోయింది. బిడ్డ ముఖం నాకు చూపించలేదు. చూస్తే మరిచిపోలేవన్నారు. చూడకపోయినా మరిచిపోలేదు.

రెండోసారి నెల తప్పినప్పుడు జమ్మలమడుగు డాక్టరమ్మ తెగేసి చెప్పింది. ఈసారి నొప్పులు రాకముందే వచ్చి ఆసుపత్రిలో ఉండాలి, లేకపోతే బిడ్డకే కాదు, నీకు కూడా నేను పూచీ కాదు అంది.

ముందుగా వెళ్లి కూర్చోవడానికి అడ్డమేమిటని మీరు అడగవచ్చు. మొదట పెన్న అడ్డమొచ్చింది. కడుపుతో ఉన్న మనిషి ఏరు దాటకూడదంది అవ్వ. జమ్మలమడుగేమో పెన్నకు అవతలి ఒడ్డున ఉంది. ఇంట్లో పెద్ద చర్చలు జరిగాక అవ్వే తీర్పు చెప్పింది. ఎండాకాలం పెన్నలో నీళ్లుండవు, నీళ్లు లేనిది ఏరెట్లయితుంది, అది వట్టి ఇసుక, దాటొచ్చు అని. అది తేలేసరికి నాకు నెలలు నిండవచ్చాయి. తర్వాత మర్యాద అడ్డమొచ్చింది. బస్సు ఉంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. కానీ నాయన ఒప్పుకోలేదు. "ఇంట్లో కారు పెట్టుకోని కడుపుతో ఉండే బిడ్డను బస్సులో పంపిస్తే ఊర్లో తలెత్తుకుంటామా?" అన్నాడు. ఇంట్లో కారు ఉన్నమాట నిజమే. ఇంట్లోనే ఉంది. కదలకుండా ఉంది.

మా ఆయన ప్రొద్దుటూరు హైస్కూల్లో ఇంగ్లీషు అయ్యవారు. ఆ ఊళ్లో ఒక మోటారు షెడ్డు ఉండేది. షెడ్డు నడిపే మేస్త్రీ గొప్పవాడని పేరు. ఆ పేరు చెప్పుకొని తిరిగేది కూడా ఆయనే. ఇంజను మీద చెవి పెట్టి, కళ్లు మూసుకుని, తల ఊపి, "అయిపోతాదప్పా, రేపు రా" అనేవాడు. ఆ రేపు ఏ పంచాంగంలోనూ ఉండేది కాదు. బాగుకు వచ్చిన ఒక కారు వెనక సీట్లో కోడి పొదిగిందనీ, ఆ పిల్లలు పెద్దవై అవి కూడా గుడ్లు పెట్టాక గానీ కారు బయటికి రాలేదనీ ప్రొద్దుటూరులో చెప్పుకునేవారు. మా కారు కూడా ఒకసారి అక్కడ కాపురం చేసి వచ్చింది. హారను మోగడం లేదని ఇస్తే, హారను మోగుతూ, తలుపు మూసుకోకుండా తిరిగొచ్చింది.

పంపు పోయిందని నాయన కబురు పంపితే మా ఆయన షెడ్డుకు వెళ్లారు. అక్కడ జరిగింది ఆయనే నాకు చెప్పారు, కోపంతో ముక్కుపుటాలు అదురుతుండగా.

"బండి ఈడికి తెండి అయ్యవారూ, చూస్తా" అన్నాడట మేస్త్రీ.

"అది కదలదప్పా."

"కదలకుంటే నేనేం జేసేది? నడిపిచ్చుకోని రాండి, బాగు చేస్తా."

"నడిస్తే బాగు చేసేదెందుకు? నువ్వే పులివెందులకు రా. ఇంట్లో మనిషికి నెలలు నిండినాయి."

"వస్తా, దాందేముంది. రేపు వస్తా."

ఆ రేపు వచ్చేలోపు నాకు మనవళ్లు పుడతారని మా ఆయనకు అర్థమైంది. నువ్వు రాకపోతే నేనే బిగించుకుంటాను అన్నారట. మేస్త్రీ నవ్వి, మద్రాసు నుంచి తెప్పించి పెట్టిన కొత్త పంపు డబ్బాను ఆయన చేతిలో పెట్టి, "తీసకపోండి. బడిలో బెత్తం పట్టుకునేంత సులువు కాదప్పా, స్పానరు పట్టుకునేది" అన్నాడట.

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే మా ఆయన ఇంకో మేస్త్రీని వెతికేవారేమో. ఇప్పుడు ఇంగ్లీషు అయ్యవార్ల పరువంతా ఆ డబ్బాలోకి వచ్చి చేరింది. బడికి సెలవు పెట్టి, చంకలో పంపుతో పులివెందుల బస్సు దిగారు.

కారుతో పాటు దాని ఇంగ్లీషు పుస్తకం కూడా వచ్చింది. మా ఇంట్లో దాన్ని చదవగలిగింది ఆయనొక్కరే. ఆ రాత్రి పాఠానికి తయారైనట్టు తయారయ్యారు. కష్టమైన మాటలకు అర్థాలు పెన్సిలుతో పక్కనే రాసుకున్నారు. ఒకచోట వ్యాకరణం తప్పు కనిపెట్టి, దొరలే తప్పు రాశారని చాలాసేపు సంతోషపడ్డారు. పంపు గురించి ఏం రాసుందని అడిగితే, "అంతా ఉంది, సులువే" అన్నారు.

ఇక్కడ మా ఇండ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. మా నాయన ఎవరినైనా ఒరే అనగలడు. తహశీల్దారును కూడా అన్నాడు, ఆయన వీధి మలుపు తిరిగాక. అల్లుణ్ని మాత్రం మీరు అనాలి, రాండి కూర్చోండి అనాలి. అల్లుడు చేసే పనిలో తప్పు చూపించడం మాలో లేదు. అల్లుడు చారు గిన్నెలో చెయ్యి పెట్టినా, చల్లారిందో లేదో చూస్తున్నాడులే అనుకోవాలి. అటువైపు అల్లుడికీ ఒక పద్ధతి ఉంది. మామను ఏదీ అడగకూడదు. అడిగితే తనకు తెలియదని ఒప్పుకున్నట్టు. ఇంత మర్యాద తెలిసిన ఇద్దరు మగవాళ్లు ఒకే ఇంజను మీదికి వంగితే ఏమవుతుందో చూడాలంటే ఆ రోజు మా వాకిట్లోకి రావలసింది.

మా ఆయన వేపచెట్టు కింద చాప పరిచి, చొక్కా విప్పి, పుస్తకం తెరిచి రాయి బరువు పెట్టారు. నాయన తోటకు వెళ్లడం మానేసి, కుర్చీ తెచ్చుకుని పక్కనే కూర్చున్నాడు. నేను వసారాలో స్తంభానికి ఆనుకుని, వాచిన కాళ్లు చాపుకుని చూస్తున్నాను. ఊళ్లో పనిలేని వాళ్లందరూ కాసేపు నిలబడి, తలొక సలహా గొణిగి, అల్లుడు కదా అని గొంతు తగ్గించుకుని వెళ్లిపోయారు.

ఒక్కొక్క మర విప్పడానికీ పుస్తకంలో ఒక్కొక్క పేజీ తిరిగింది. మధ్యాహ్నానికి పాత పంపు ఊడి వచ్చింది. యుద్ధంలో గెలిచినట్టు దాన్ని పైకెత్తి నాకు చూపించారు. కొత్తది తీసి పెట్టబోతుంటే నాయన చటుక్కున కుర్చీలోంచి లేచాడు. గొంతు సవరించుకున్నాడు. "ఏమప్పా అల్లుడా..." అన్నాడు.

మా ఆయన తల ఎత్తారు. "ఏంది మామా?"

నాయన ఇంజను వైపు చూశాడు, అల్లుడి వైపు చూశాడు. "రోంత మజ్జిగ తాగుతారా?" అన్నాడు.

మజ్జిగ వచ్చింది. తాగారు. మళ్లీ స్పానరు పట్టుకున్నారు. మళ్లీ నాయన లేచాడు. "అల్లుడా..." మళ్లీ మజ్జిగ వచ్చింది. ఆ సాయంత్రం దాకా ఇదే తంతు. నాయనకు అల్లుడి మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందా అని నేను ఆశ్చర్యపోయాను. అవ్వ మాత్రం "ఇంగ మజ్జిగ లేదు, చల్లకుండ ఖాళీ" అని లోపలి నుంచి కేక పెట్టింది.

పొద్దుగుంకే వేళకు పని ముగిసింది. నీళ్లు పోసి ఇంజను తిప్పితే గర్రుమని అందుకుంది. అవ్వ టెంకాయ కొట్టింది. కారు కింద నేల కొద్దిగా తడిగా కనిపించింది. అదేమిటని నేను అడిగితే, "పోసేటప్పుడు వొలికినాయి" అన్నారు మా ఆయన. నాయన ఆ తడి వంక చూసి, తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

మరునాడు ప్రయాణం. రాహుకాలం పోవాలి, వర్జ్యం పోవాలి. రెండూ పోయి మంచి ఘడియ వచ్చేసరికి సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. నాయన అలవాటుగా కడవ నింపి ముందు సీట్లో పెట్టాడు. మా ఆయన ముఖం చిన్నబోయింది.

"కొత్త పంపు పెట్టినాక కడవెందుకు మామా? నా పని మీద నమ్మకం లేదా?"

అల్లుడి పని మీద నమ్మకం లేదని ఏ మామ అంటాడు? నాయన కడవను దించి గడప పక్కన పెట్టాడు. ఎప్పుడూ కడవ కూర్చునే చోట మా ఆయన పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నేనూ అవ్వా వెనక ఎక్కాం.

దారంతా నేను ఒకటే మొక్కుకున్నాను. ఈసారి ముద్దనూరు దాటించు స్వామీ, అక్కడ ఆపకు అని. అక్కడికి రాగానే కళ్లు మూసుకున్నాను. అప్పుడే నాయన వేగం తగ్గించి, "అల్లుడా, ఈడ రోంత ఆగి కాఫీ తాగుదామా?" అన్నాడు. "ఆలస్యమైతాది మామా, పోనీండి" అన్నారు మా ఆయన. పోనిచ్చాడు. ఊరు దాటిందని అవ్వ చెప్పాక కళ్లు తెరిచాను. తెరిచిన కొంతసేపటికే నడుములో మొదటి నొప్పి పొడిచింది. నేను పళ్లు బిగించి అవ్వ చెయ్యి పట్టుకున్నాను. అవ్వ నా ముఖం చూసి, "రేయ్, తొందరగా పోనీరా" అంది నాయనతో.

కనుమ ఎక్కుతుంటే కారు మూలిగింది. ఇంకో మలుపు తిరిగేసరికి ముందంతా తెల్లటి ఆవిరి. దడదడలాడి ఆగిపోయింది. చుట్టూ ఎర్రటి కొండలు, మండుతున్న రాళ్లు. నీడకు చెట్టు లేదు. తాగడానికి చుక్క నీళ్లు లేవు. కడవ ఉండవలసిన చోట పుస్తకం ఉంది.

ఇద్దరూ దిగి బానెట్టు ఎత్తారు. ఆవిరి తగ్గాక చూస్తే పంపు అంచు నుంచి నీళ్లు ధారగా కారిపోతున్నాయి. మా ఆయన పేజీలు తిప్పారు. "ఇట్ల కారుతుందని దీంట్లో రాయలేదే" అన్నారు. పుస్తకం రాసిన దొర ఎదురుగా ఉంటే చెవి మెలిపెట్టేవారు.

నాయన కొండ వైపు తిరిగి, ఎవరితోనో చెబుతున్నట్టు అన్నాడు. "పాత ప్యాకింగు ముక్కలు గీకకుండానే దాని మీద కొత్తది పెడితే యెట్ల నిలుస్తాది."

పంపుకూ ఇంజనుకూ మధ్య నీళ్లు కారకుండా అట్టలాంటిది ఒకటి ఉంటుందట. పాతది ముక్కలుగా అతుక్కుని ఉంటే శుభ్రంగా గీకి, ఆ తర్వాతే కొత్తది పెట్టాలట. బావి మీద ఇంజనుకు నాయన ఏడాదికొకసారి చేసే పనే అది.

నేను కారులోంచే అడిగాను. "నువ్వెప్పుడు చూసినావు నాయనా?"

"నిన్ననే చూస్తి."

"చూసి?"

"మజ్జిగ తాగుతారా అంటి."

"చెప్పలేదా?"

నాయన తల వంచుకున్నాడు. "అల్లునికి యెట్ల జెప్తాం పాపా?"

నాకు అంత కోపం పుట్టి బుద్ధెరిగాక రాలేదు. ఒక బిడ్డను ఎద్దులబండిలో పోగొట్టుకున్నాను. రెండో బిడ్డను మర్యాదలో పోగొట్టుకోబోతున్నాను. ఆ ఎండలో, ఆ నొప్పిలో నాకు మామా లేడు, అల్లుడూ లేడు. కారు తలుపు తోసి అరిచాను. "ఒకరు జెప్పరు, ఒకరు అడగరు! మీ ఇద్దరి మర్యాదకు నా బిడ్డను బలి ఇయ్యాల్నా? ముద్దనూరులో కాఫీ తాగేదానికి నోరొచ్చింది గానీ, నీళ్లు పోద్దామనేదానికి రాలేదా?" ఇంకా ఏమేమో అన్నాను. మా ఆయన పుస్తకం మూసేశారు. అది చూసినా నేను ఆగలేదు.

ఇంతలో కింద మలుపులో హారను వినిపించింది. పులివెందుల నుంచి వచ్చే మధ్యాహ్నం బస్సు. ఏ బస్సులో పంపిస్తే మా నాయన ఊళ్లో తలెత్తుకోలేడో ఆ బస్సు. అవ్వ రోడ్డుకు అడ్డంగా నిలబడి రెండు చేతులూ ఎత్తింది. బస్సు ఆగింది. నన్ను చూడగానే లోపలి ఆడవాళ్లు దిగి వచ్చి, చెరొక రెక్కా పట్టుకుని ఎక్కించారు.

మగవాళ్లిద్దరూ కూడా ఎక్కబోయారు. నా కోపం ఇంకా చల్లారలేదు. "మీరు యాడికీ రావద్దు. కారును ఎవురన్నా ఎత్తకపోతారేమో, ఇద్దరూ ఈడనే కాపలా ఉండండి" అన్నాను వెటకారంగా.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "అదీ నిజమే" అన్నాడు నాయన. దిగిపోయారు.

నా వెటకారం చిన్నప్పటి నుంచీ ఊరందరికీ గుచ్చుకునేది. గుచ్చుకోవలసిన ఆ ఒక్కసారి ఎవరికీ గుచ్చుకోలేదు. బస్సు కదిలాక వెనక అద్దంలోంచి చూస్తే, దుమ్ములో ఇద్దరూ కారుకు చెరోవైపు నిలబడి ఉన్నారు. అప్పుడు ఏడుపొచ్చింది. రమ్మని కేకేద్దామనుకునేలోపు బస్సు మలుపు తిరిగింది.

ఆ బస్సులో మర్యాద తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. ఒకామె నన్ను పక్కకు తిరిగి పడుకోమంది. ఇంకొకామె "దానికేం తెలుసు, ఎత్తుగా ఆనుకో" అంది. గుంత వచ్చినప్పుడల్లా "నెమ్మదిగా పోరా, కండ్లు మూసకపోయినాయా" అని డ్రైవరును ఒకరు తిట్టారు. "నెమ్మదిగా పోతే ఈడనే కంటాది, తొందరగా పోనీ" అని ఇంకొకరు తిట్టారు. డ్రైవరు అందరినీ కలిపి తిట్టాడు. దారిలో దిగవలసిన వాళ్లను దిగనివ్వలేదు, ఆసుపత్రి దగ్గర దించి వచ్చేటప్పుడు దించుతానన్నాడు. దానికీ తిట్టుకున్నారు, కానీ కూర్చున్నారు. పెన్న దగ్గరికి రాగానే అవ్వ తన కొంగు నా కళ్ల మీద కప్పింది. ఇసుకే అని తీర్పు చెప్పినామె, ఎందుకైనా మంచిదని నన్ను చూడనివ్వలేదు.

పొద్దు ఇంకా కుంకకముందే ఆడపిల్ల పుట్టింది. ఈసారీ బిడ్డ అడ్డంగానే ఉందనీ, ఇంకొంచెం ఆలస్యమైతే తన చేతుల్లో ఉండేది కాదనీ డాక్టరమ్మ చెప్పింది. ముందే రమ్మంటే ఎందుకు రాలేదని తిట్టింది. నేను ఆ తిట్లేవీ వినలేదు. బిడ్డ ఏడుస్తోంది. సన్నగా, కోపంగా, ఆగకుండా ఏడుస్తోంది. మొదటి బిడ్డ ఏడుపు నేను వినలేదు. అందుకే, ఊరుకోబెడతామని వాళ్లు ఎత్తుకోబోతే, ఇంకాసేపు ఏడవనివ్వండమ్మా అని బతిమాలాను. ముఖం చూశాను. తనివి తీరా చూశాను.

మగవాళ్లు మరుసటి పొద్దున వచ్చారు. కారులోనే వచ్చారు. కనుమ మీద ఏం జరిగిందో నాకు తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. అన్ని తిట్లు తిన్నా వాళ్ల మర్యాద చెక్కుచెదరలేదు. నాయన అల్లుడితో చెప్పలేదు. "ఈ పాత ముక్కలు గీకితే బాగుంటాదేమో" అని బానెట్టుతో చెప్పాడు. మా ఆయన మామను అడగలేదు. "దేనితో గీకాల?" అని పుస్తకాన్ని అడిగారు. నాయన జేబులోంచి కత్తి తీసి పుస్తకం పక్కన పెట్టాడు. కొత్త ప్యాకింగు నాని చినిగిపోయి ఉంటే, పుస్తకం అట్టనే చించి, ఆ కొలతకు కత్తిరించి, గ్రీజు పూసి పెట్టారు. ఆ పుస్తకం కారుకు పనికొచ్చింది అదొక్కసారే. గొర్రెల కాపరులు నీళ్లు తెచ్చిపెట్టారట. ఆ ఘనత తనదేనని ప్రొద్దుటూరు మేస్త్రీ తర్వాత చాలాకాలం చెప్పుకున్నాడు, పంపు తనిచ్చిందే కదా.

ఇద్దరి బట్టలూ నల్లగా జిడ్డోడుతున్నాయి. నాయన సిగ్గుపడి వార్డు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. మా ఆయన నా మంచం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "ఒక్క చుక్క కూడా కారలేదు" అన్నారు. బిడ్డ పుట్టాక నాతో అన్న మొదటి మాట అది. అన్నాక ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. చేతులు కడుక్కుని వస్తే ఇస్తానంది నర్సమ్మ. కడుక్కుని వచ్చారు. నర్సమ్మ బిడ్డను ఆయన చేతుల్లో పెట్టి, పక్క మంచం వాళ్లు పిలిస్తే అటు తిరిగింది.

ఆయన రెండు చేతులూ బిడ్డ నడుము కింద పెట్టి, తెరిచిన పుస్తకంలా ముందుకు చాపి పట్టుకున్నారు. బిడ్డ తల వెనక్కి వాలిపోయింది. ఆ చిట్టి మెడ అట్లా వేలాడిపోయింది. లేవబోయాను, నడుము లేవలేదు. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "అయ్యో, అల్లుడు..." అని సగంలో ఆగిపోయింది.

"ఒరేయ్! తల కింద చెయ్యి పెట్రా!"

గుమ్మం దగ్గర నుంచి వచ్చిన ఆ కేకకు వార్డు మొత్తం ఉలిక్కిపడింది. మా ఇండ్లలో ఏ మామా ఏ అల్లుణ్నీ ఒరేయ్ అనలేదు. మా ఆయన గబుక్కున చెయ్యి జరిపారు. బిడ్డ తల ఆయన అరచేతిలోకి వచ్చింది.

అప్పుడు గానీ నాయనకు తను ఏమన్నాడో తెలియలేదు. నాలుక కరుచుకున్నాడు. తువ్వాలు తీసి చేతిలో నలుపుతూ రెండడుగులు ముందుకు వచ్చి, "తప్పయిందప్పా అల్లుడా, మీరు..." అని ఏదో చెప్పబోయాడు.

మా ఆయన వినిపించుకోలేదు. బిడ్డ ముఖం మీంచి చూపు తిప్పకుండానే అడిగారు.

"ఈ రెండో చెయ్యి యాడ పెట్టాల మామా?"